చిన్న స్టేడియం - పెద్ద కేక



సాయంత్రం మన హాస్టల్ గ్రౌండులో కబడ్డీ జరుగుతుంటే, గీత చుట్టూ నిలబడి మనం అరిచే అరుపులకే కూతకు వెళ్ళినవాడికి సగం బలం వస్తుంది కదా! అలాంటి అరుపులతోనే పేరు తెచ్చుకున్న కాలేజీ స్టేడియం ఒకటుంది. అదే అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం, డర్హమ్ నగరంలోని డ్యూక్ యూనివర్సిటీ వారి కామెరాన్ ఇండోర్ స్టేడియం. అక్కడ ఆడేది బాస్కెట్‌బాల్.

ఇది 1940 జనవరి 6న ప్రారంభమైంది. 1972లో ఎడ్డీ కామెరాన్ అనే పాత కోచ్ పేరు పెట్టారు. ఇందులో పట్టేది 9,314 మందే. మరి ఇంత పేరు ఎందుకు వచ్చింది?

మొదటి కారణం కూర్చునే ఏర్పాటు. కోర్టును ఆనుకుని ఉన్న చోటు విద్యార్థులది. డిగ్రీ విద్యార్థులకు టికెట్టు లేదు. క్యూలో ముందున్నవారికే ముందు చోటు. ముఖాలకు నీలం రంగు పూసుకుని, ఆట మొత్తం నిలబడే చూస్తారు. ఎదుటి జట్టువాడు గీత బయట నుండి బంతి విసరబోతే వీళ్ళ చేతులు అతని వీపు దగ్గరే ఆడుతుంటాయి. వీరినే 'కామెరాన్ క్రేజీస్' అంటారు.

రెండో కారణం గుడారాలు. 1986 నుండి, పొరుగునున్న నార్త్ కరోలినా యూనివర్సిటీతో ఆట ఉందంటే విద్యార్థులు చలిలో స్టేడియం బయట గుడారాలు వేసి వారాల తరబడి ఉంటారు. ఒక్కో గుడారానికి 12 మంది వరకు, వంతుల వారీగా కాపలా. అర్ధరాత్రి కూడా హాజరు తీస్తారు. మన స్టడీ అవర్ హాజరు దాని ముందు నయమే! 1980 నుండి 2022 వరకు కోచ్‌గా ఉండి 5 జాతీయ ఛాంపియన్‌షిప్‌లు గెలిపించిన మైక్ షిషెఫ్‌స్కీ పేరే ఆ గుడారాల ఊరికి పెట్టుకున్నారు.

అల్లరి హద్దు మీరిన రోజులూ ఉన్నాయి. 1984లో యూనివర్సిటీ అధ్యక్షుడు టెర్రీ శాన్‌ఫర్డ్ బూతులు మానమని పెద్దాయనలా ఉత్తరం రాశారు. తరువాతి ఆటకు విద్యార్థులు తలపై దేవదూతల వలయాలు పెట్టుకుని వచ్చి, రెఫరీతో కూడా మర్యాదగా విభేదించారు!

ఇక అసలు విషయం. ఈ స్టేడియం నమూనా గీసింది జూలియన్ ఏబెల్ అనే నల్లజాతి ఆర్కిటెక్టు. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ చదివి 1902లో పట్టా పొందిన మొదటి నల్లజాతీయుడు ఆయనే. డ్యూక్‌లో చాలా భవనాలు ఆయన గీసినవే. కాని నల్లజాతి పిల్లలకు అక్కడ డిగ్రీలో ప్రవేశం 1963 వరకు దొరకలేదు. అప్పటికి ఆయన చనిపోయి 13 ఏళ్ళు. 1986లో ఆయన కుటుంబానికే చెందిన ఒక విద్యార్థిని కాలేజీ పత్రికకు రాసిన ఉత్తరంతో ఆయన సంగతి నలుగురికీ తెలిసింది. 2016లో ప్రధాన ప్రాంగణానికి ఆయన పేరు పెట్టారు.

ఇది చదివినప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన తాపీ పని చేస్తాడు. తాను గోడలు కట్టిన ఒక హాలు ప్రారంభోత్సవాన్ని గేటు బయట నిలబడి చూసి వచ్చాడు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఆ రోజు కాలేజీ హాలులో నా పక్క కుర్చీలో నాన్నను కూర్చోబెట్టాను.

తమ్ముళ్ళూ, ఆట చూస్తే గట్టిగా అరవండి. అరిచాక ఒక్కసారి తలెత్తి చూసి, ఈ కప్పు ఎవరు వేశారో అడిగి తెలుసుకోండి.