ఎద్దుకూ సెలవే

యూదా దేశపు అధికారి నెహెమ్యా యెరూషలేముకు తిరిగి వచ్చేసరికి విశ్రాంతి దినాన ఊళ్లో సంత సాగుతోంది. ఒకపక్క ద్రాక్షగానుగ తొక్కుతున్నారు. ఇంకోపక్క గాడిదల మీద ధాన్యం, ద్రాక్షపళ్లు, అంజూరపు పళ్లు ఎక్కిస్తున్నారు. తూరువాళ్లు చేపలు తెచ్చి అమ్ముతున్నారు. ఆయన పెద్దల్ని పిలిచి మందలించాడు. వారంవారం విశ్రాంతి దినానికి ముందు, చీకటి పడుతుండగానే కోట గుమ్మాలు మూయించి తన మనుషుల్ని కాపలా పెట్టాడు. అయినా వర్తకులు ఒకటి రెండుసార్లు గోడ బయటే సరుకు దించుకుని రాత్రంతా కాచుకున్నారు. మళ్లీ వస్తే పట్టుకుంటానని గద్దించాకే రావడం మానేశారు. ఇది క్రీస్తుపూర్వం 5వ శతాబ్దం నాటి సంగతి.

ఒక్కరోజు పని ఆపడానికి ఇంత పట్టుదల ఎందుకు?

తెలుగు బైబిల్లో విశ్రాంతి దినం అని చదువుకునేదాన్ని హీబ్రూలో 'షబ్బాత్' అంటారు. ఆపడం, మానుకోవడం అనే అర్థమున్న క్రియతో ముడిపడిన మాట అది. శుక్రవారం పొద్దుగూకినప్పుడు మొదలై శనివారం చీకటి పడ్డాక ముగుస్తుంది. దేవుడు ఏడో రోజున సృష్టి పని మానుకున్నాడని ఆదికాండం 2వ అధ్యాయం చెబుతుంది కానీ, 'షబ్బాత్' అనే పేరు అక్కడ కనిపించదు. ఆ పేరు మొదటిసారి వచ్చేది నిర్గమకాండం 16వ అధ్యాయంలో, తిండి గురించిన కథలో.

ఆ కథకు ముందు జరిగింది కూడా చూడాలి. ఐగుప్తులో ఇశ్రాయేలీయులు ఇటుకలు చేసే బానిసలు. జనాన్ని పని మాన్పిస్తున్నారని అక్కడి రాజు ఫరో వాళ్ల నాయకులు మోషే, అహరోనుల మీద మండిపడతాడు. హీబ్రూ మూలంలో అతని నోట వచ్చే క్రియ, షబ్బాత్‌కు మూలమైన క్రియ ఒక్కటే. ఆ కోపంతోనే అతను ఇటుకల్లో కలిపే గడ్డి ఇవ్వడం ఆపేసి, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదంటాడు. ఆ బానిసలు విడుదలై బయటికొచ్చిన నెలకే ఎడారిలో ఆకలికి తట్టుకోలేకపోయారు. అప్పుడు ఆకాశం నుంచి మన్నా అనే ఆహారం కురిసింది. మనిషికి రోజుకు ఒక ఓమెరు అనే కొలత చొప్పున. ఆశపడి మర్నాటికి దాచుకుంటే పురుగు పట్టి కంపు కొట్టేది. ఆరో రోజున మాత్రం మనిషికి రెండేసి ఓమెరులు దొరికాయి, దాచుకున్నా పాడవలేదు. ఏడో రోజున కూడా కొందరు ఏరుకోవడానికి వెళ్లారు. వాళ్లకేమీ దొరకలేదు. తరతరాలుగా సెలవే ఎరగని మనుషులు ఒక్కరోజుతో అలవాటు పడతారా మరి!

పది ఆజ్ఞలు బైబిల్లో రెండుచోట్ల ఉన్నాయి. విశ్రాంతి దినానికి రెండుచోట్లా కారణం ఒకటి కాదు. నిర్గమకాండం 20వ అధ్యాయం సృష్టిని గుర్తుచేస్తుంది. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయం ఐగుప్తులో పడిన బానిసత్వాన్ని గుర్తుచేసి, నీలాగే నీ దాసుడూ దాసీ విశ్రాంతి తీసుకోవాలంటుంది. ప్రసంగాల్లో మొదటి కారణం వినబడినంతగా రెండోది వినబడదు. నిజానికి ఆజ్ఞ ఎవరి కోసమో మరింత స్పష్టంగా చెప్పేది ఆ రెండో చోటే. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, ఇంట్లో ఉన్న పరదేశి అంటూ పేరుపేరునా చెబుతుంది. సెలవు కావాలని నోరు తెరిచి అడగలేనివాళ్లే వీళ్లలో ఎక్కువ. లేవీయకాండం 25వ అధ్యాయం ఇంకో అడుగు ముందుకేసి, ఏడో ఏట విత్తకుండా భూమికీ విశ్రాంతి ఇమ్మంది.

ఆ రోజు ఇంట్లో నిప్పు రాజేయకూడదు కాబట్టి పొయ్యికీ సెలవే. అందుకే యూదుల ఇళ్లలో శుక్రవారమే కుండలో చిక్కుళ్లు, మాంసం వేసి సన్నని సెగ మీద పెట్టేసే అలవాటు పుట్టింది. శనివారం మధ్యాహ్నానికి అది వేడిగానే ఉంటుంది.

విశ్రాంతి దినం కథలో కటువైన పుటలూ ఉన్నాయి. విశ్రాంతి దినాన కట్టెలు ఏరుకున్న ఒక మనిషిని రాళ్లతో కొట్టి చంపారని సంఖ్యాకాండం 15వ అధ్యాయంలో ఉంది. దాటేయకుండా చదవాల్సిన భాగం అది. ఆ తర్వాతి కాలంలో ధర్మశాస్త్ర పండితులు మానవలసిన పనుల్ని 39 రకాలుగా లెక్కగట్టారు.

లూకా సువార్త 13వ అధ్యాయంలో నడుము వంగిపోయిన ఒక స్త్రీ కనిపిస్తుంది. 18 ఏళ్లుగా ఆమె నిటారుగా నిలబడలేకపోయింది. విశ్రాంతి దినాన, సమాజమందిరంలోనే యేసు ఆమె మీద చేతులుంచాడు, ఆమె తిన్నగా నిలబడింది. మందిరపు అధికారికి కోపం వచ్చింది. పని చేయడానికి ఆరు రోజులున్నాయి, బాగుపడాలంటే ఆ రోజుల్లో రండని జనానికి చెప్పాడు. ఈ రోజున కూడా మీ ఎద్దును విప్పి నీళ్లకు తోలుకెళ్తారు కదా, ఈమె కట్లు విప్పకూడదా అన్నది యేసు జవాబు. ద్వితీయోపదేశకాండం సెలవిచ్చిన ఎద్దే ఇక్కడ మళ్లీ సాక్షిగా నిలబడింది. యేసు ఆ దినాన్ని కొట్టిపారేయలేదు, దాని అసలు ఉద్దేశాన్ని బయటికి తీశాడు.

క్రీస్తు తిరిగి లేచిన రోజని క్రైస్తవులు ఆదివారం కూడుకోవడం మొదలుపెట్టారు. క్రీ.శ. 321లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఆదివారాన్ని సెలవుగా ప్రకటించాడు, పొలం పనులకు మాత్రం మినహాయింపు ఇచ్చాడు. సెవెంత్ డే అడ్వెంటిస్టులు ఇప్పటికీ శనివారమే పాటిస్తారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు ఆచారాలు పాటించే బెనె ఎఫ్రాయిం అనే చిన్న తెలుగు సమాజం కూడా అంతే. వాళ్లలో కూలి పనికి వెళ్లేవాళ్లున్నారు. రోజుకూలీకి పని మానడమంటే ఆ రోజు డబ్బు పోవడమే.

మన్నా కథ మరిచిపోనిది ఆ సంగతినే. అక్కడ ముందు రెండు రోజుల తిండి చేతికొచ్చింది, తర్వాతే పని మానమన్నారు. ఇంట్లో పనిమనిషికో పొలంలో కూలీకో వారానికో సెలవిచ్చేవాళ్లు ఆ రోజు కూలి కోయకుండా ఇవ్వండి.