అమ్మాన్ కన్నీళ్ల నుంచి ముంబయి మైదానం దాకా

2025 జులై 6, ఆదివారం. ఆశూరా రోజు. ఉపవాసం విరమించే వేళకు మేము చిత్తూరులో బంధువుల ఇంట్లో ఉన్నాం. దస్తర్‌ఖాన్ మీద ఖర్జూరాలు, అరటిపండ్లు, గంజి సర్దుతుండగా తొమ్మిదో తరగతి చదివే ఆ ఇంటి పిల్ల ఆనాటి పేపరు తెచ్చి మా ముందు పెట్టింది. ఆటల పేజీలో భారత మహిళా ఫుట్‌బాల్ జట్టు ఫొటో. ముందురోజే మన అమ్మాయిలు థాయిలాండ్‌ను వారి గడ్డపైనే ఓడించారు.

“మామూ, వీళ్లు ఆసియా కప్పుకి పోతా ఉండారంట!”

వార్త చెప్పడానికే వచ్చిందనుకున్నాం. కాదు. పేపరు మడతలో ఇంకో కాగితం ఉంది. స్కూలు ఫుట్‌బాల్ జట్టు ఎంపికలకు పంపడానికి తండ్రి సంతకం పెట్టవలసిన కాగితం. పది రోజులుగా అల్మారాలోనే ఉందట. వ్యాయామ ఉపాధ్యాయుడు రోజూ అడుగుతున్నాడు, పిల్ల రోజూ రేపు తెస్తానంటోంది.

పిల్ల ఆడడం తండ్రికి ఇష్టం లేక కాదు. ఆయనా చిన్నప్పుడు ఆడినవాడే. “నిక్కరు తొడుక్కుని, నెత్తిన గుడ్డ తీసేసి ఆడాల్సిందే గదా భాయ్? అది మన వల్ల అయ్యే పని కాదు” అన్నాడు. దాదీ తల ఊపింది. తల్లి ఏమీ అనలేదు, గంజి గిన్నెలు అందిస్తూ ఉండిపోయింది.

మగ్రిబ్ నమాజు తర్వాత మేము ఆయనకు చెప్పిన సంగతులే ఇక్కడ రాస్తున్నాం. ఇలాంటి కాగితం ఆ ఒక్క ఇంట్లోనే ఉండి ఉండదు.

ఫుట్‌బాల్ మనకు కొత్త ఆట కాదు. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు గెలిచిన భారత జట్టుకూ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిన జట్టుకూ శిక్షకుడు మన హైదరాబాద్ వాసి సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్. అందుచేత ఆట పరాయిది కాదు. ఆ ఆటలో ఆడపిల్లే ఇన్నాళ్లూ మన ఇళ్లకు పరాయిది. నిజానికి 1979, 1983 ఆసియా మహిళల పోటీలలో భారత్ రెండో స్థానంలో నిలిచింది. ఆ సంగతి అప్పట్లో ఎంతమంది ఇళ్లలో చెప్పుకున్నారు? మేమూ చాలా ఆలస్యంగానే తెలుసుకున్నాం.

ఇక తలగుడ్డ సంగతి. ఆ తండ్రి అన్నది ఒకప్పుడు అక్షరాలా నిజం. 2007లో కెనడాలో పదకొండేళ్ల బాలికను హిజాబ్‌తో ఆడుతున్నందుకు మైదానం నుంచి పంపేశారు. వ్యవహారం ఫుట్‌బాల్ నియమాలను ఖరారు చేసే అంతర్జాతీయ బోర్డు దాకా పోయింది. బోర్డు ఆ నిర్ణయాన్నే సమర్థించింది. తర్వాతి రోజుల్లో చెప్పిన కారణం భద్రత. గుడ్డ మెడకు బిగుసుకుంటే ప్రమాదమన్నారు.

ఆ నిషేధం ఎంత కఠినమైనదో లోకానికి 2011 జూన్ 3న అర్థమయింది. అది శుక్రవారం. జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో లండన్ ఒలింపిక్స్‌కు అర్హత పోటీలు జరుగుతున్నాయి. ఇరాన్ అమ్మాయిలు జోర్డాన్‌తో ఆడాలి. పాదాల దాకా ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, జుట్టునూ మెడనూ కప్పే తలవస్త్రం ధరించి మైదానంలోకి వచ్చారు. ఇక ఆట మొదలవుతుందనగా అధికారులు ఆ తలవస్త్రంతో కుదరదన్నారు. ఇరాన్ జట్టు తీయలేదు. ఆట జరగకుండానే జోర్డాన్ 3-0తో గెలిచినట్లు రాసుకున్నారు. పచ్చికపై కూలబడి ఏడుస్తున్న ఆ అమ్మాయిల ఫొటోలు ఎన్నో దేశాల పత్రికలలో వచ్చాయి. జోర్డాన్ జట్టులోనూ హిజాబ్ ధరించే క్రీడాకారిణులు ఉన్నారు. వారినీ ఆడనివ్వలేదు. ఈ ముక్క చాలామందికి తెలియదు.

ఆ తర్వాత పట్టుబట్టి పనిచేసినవాడు జోర్డాన్ యువరాజు అలీ బిన్ హుసేన్. ఆయన అప్పుడు ఫిఫా ఉపాధ్యక్షుడు. కోపతాపాలతో పని జరగదని ఆయనకు తెలుసు. లాగితే చటుక్కున విడిపోయే తలవస్త్రం నమూనాలను తయారు చేయించి బోర్డు ముందు పెట్టించాడు. తలగుడ్డ వల్ల గాయాలైనట్లు వైద్య గ్రంథాలలో ఎక్కడా లేదని 2012 జులైలో బోర్డే ఒప్పుకుని ప్రయోగాత్మకంగా అనుమతించింది. 2014 మార్చి 1న అనుమతి శాశ్వతమైంది. సిక్కు సోదరుల తలపాగాకూ అప్పుడే దారి దొరికింది.

కనుక ఇప్పుడు ఆట నియమం ఇదీ. తలవస్త్రం నల్లనిదైనా ఉండాలి, లేదా చొక్కా ప్రధాన రంగుకు సరిపోవాలి. జట్టులో ధరించేవారందరిదీ ఒకే రంగై ఉండాలి. చొక్కాకు కుట్టి ఉండకూడదు. కొసలు వేలాడకూడదు. ఎవరికీ గుచ్చుకునేది, మెడకు బిగుసుకునేది కాకూడదు. అంటే ఇంట్లో పిన్నీసులతో కట్టుకునే దుపట్టా పనికిరాదు, తలకు తొడుక్కునే సాగే గుడ్డ పనికొస్తుంది. నిక్కరు కింద అదే రంగు పొడుగు బిగుతు పాజామా తొడుక్కోవచ్చు. అయితే అన్నిచోట్లా దారి తెరుచుకుందని కాదు. ఫ్రాన్సు ఫుట్‌బాల్ సమాఖ్య తన మ్యాచ్‌లలో హిజాబ్‌ను నిషేధించగా, 2023 జూన్‌లో ఆ దేశపు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం దానిని సమర్థించింది. అదే ఏడాది జులై 30న ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో మొరాకో క్రీడాకారిణి నుహైలా బెంజినా హిజాబ్‌తో ప్రపంచ కప్ మ్యాచ్ ఆడింది. సీనియర్ల ప్రపంచ కప్‌లో అలా ఆడిన మొదటి మహిళ ఆమే. ఆ రోజు మొరాకో 1-0తో దక్షిణ కొరియాను గెలిచింది.

మళ్లీ ఇరాన్ అమ్మాయిల దగ్గరకు వద్దాం. అమ్మాన్‌లో ఏడ్చిన పదేళ్లకు, 2021 సెప్టెంబరులో తాష్కెంట్‌లో ఆసియా కప్ అర్హత పోటీలు జరిగాయి. ఎదుట నిలిచింది మళ్లీ జోర్డానే. రెండు జట్లూ ఒక్క గోలూ చేయలేదు. పెనాల్టీ కిక్కులలో ఇరాన్ 4-2తో గెలిచింది. గోల్ కీపర్ జొహ్రే కూదాయీ రెండు కిక్కులు ఆపింది. ఇరాన్ మహిళలు ఆసియా కప్ ప్రధాన పోటీలకు చేరడం అదే మొదటిసారి.

ఆ సంతోషం రెండు నెలలు నిలవలేదు. గోల్ కీపర్ ఆడదో కాదో తేల్చాలంటూ జోర్డాన్ సంఘం ఆసియా సమాఖ్యకు లేఖ రాసింది. ఆ లేఖను లోకం ముందు పెట్టింది ఎవరో కాదు, తలగుడ్డ కోసం పోరాడిన ఆ అలీ యువరాజే! తాను స్త్రీనేననీ, ఇది తనను వేధించడమేననీ ఆమె జవాబిచ్చింది. మా దృష్టిలో ఆనాటి నిషేధం కన్నా ఈ మాట హీనమైనది. ఒక మనిషి ఒక చోట న్యాయం కోసం నిలబడి ఇంకొక చోట తప్పటడుగు వేయవచ్చు. అందుకని మొదటి మేలును కొట్టిపారేయనక్కరలేదు, రెండోదాన్ని దాచనూ అక్కరలేదు.

2022 జనవరి 20న ఆసియా కప్ మన దేశంలోనే మొదలయింది. ముంబయి, నవీ ముంబయి, పుణె నగరాలలో 12 జట్లు. భారత్ ఆతిథ్య దేశంగా అడుగుపెట్టింది. 2003 తర్వాత మన అమ్మాయిలు ఆ పోటీల్లో ఆడడం మళ్లీ అప్పుడే. మొదటి రోజు రాత్రి నవీ ముంబయి డి.వై. పాటిల్ స్టేడియంలో భారత్‌కు ఎదురు నిలిచింది ఇరాన్. కరోనా కారణంగా ప్రేక్షకులు లేరు. ఒకవైపు ఆశాలతా దేవి నాయకత్వంలో మన జట్టు, ఇంకొకవైపు మరియం ఇరాన్‌దూస్త్ శిక్షణలో తలవస్త్రాలతో ఇరాన్ జట్టు. బంతి ఎక్కువసేపు మనవాళ్ల కాళ్ల దగ్గరే ఉంది. గోల్ మాత్రం కాలేదు. మళ్లీ మళ్లీ అడ్డుపడింది ఆ కూదాయీయే. మ్యాచ్ 0-0గా ముగిసింది. ఇరాన్ మహిళలకు ఆసియా కప్‌లో అది తొలి పాయింటు.

మూడు రోజులకు ఆ పాయింటూ పోయింది. ఎవరూ తీసుకోలేదు, రోగం తీసుకుంది. భారత శిబిరంలో కరోనా పాకి, జనవరి 23న చైనీస్ తైపేతో ఆడవలసిన మ్యాచ్‌కు కనీసం 13 మంది ఆరోగ్యవంతులు కూడా మిగల్లేదు. నిబంధన ప్రకారం మనం పోటీల నుంచి వైదొలగినట్లు లెక్కగట్టారు. మనం ఆడిన మ్యాచ్ కూడా రద్దయింది. ఇరాన్ తర్వాతి రెండు ఆటల్లో చైనా చేతిలో 0-7తో, చైనీస్ తైపే చేతిలో 0-5తో ఓడింది. పట్టిక తీసి చూస్తే ఇరాన్ పేరు ఎదుట రెండు ఓటములు, పన్నెండు గోల్స్ సమర్పణ, చేసిన గోల్స్ సున్నా. మన పేరు ఎదుట అసలేమీ లేదు. సొంత గడ్డ మీద సిద్ధమై, ఒకే ఒక్క ఆట ఆడి, అదీ ఆడనట్లే అయిపోయింది. 2023 ప్రపంచ కప్‌కు అర్హత సంపాదించే దారి అక్కడే మూసుకుపోయింది. హోటలు గదుల్లో తలుపులు వేసుకుని కూర్చున్న ఆ పిల్లల బాధ అమ్మాన్ పచ్చికపై ఏడ్చిన పిల్లల బాధ కంటే తక్కువేమీ కాదు.

అందుకే 2025 విజయం మాకు అంత గొప్పగా తోచింది. ఈసారి ఆతిథ్యం పుణ్యమా అని కాదు, గెలిచి అర్హత తెచ్చుకున్నారు. అలా గెలిచి ప్రధాన పోటీలకు చేరడం భారత మహిళా జట్టుకు ఇదే మొదటిసారి. థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో మంగోలియాపై 13-0, తిమోర్ లెస్తెపై 4-0, ఇరాక్‌పై 5-0. చివరికి గ్రూపు నుంచి వెళ్లేది ఒక్క జట్టే. జులై 5న థాయిలాండ్‌తో అసలు పోరు. ర్యాంకులలో వారు మనకంటే ఎంతో ముందున్నారు. బెంగాలు అమ్మాయి సంగీతా బస్ఫోర్ రెండు గోల్స్ కొట్టింది. భారత్ 2-1తో గెలిచింది. 2026 మార్చి ఆసియా కప్ కోసం ఆస్ట్రేలియాకు టికెట్టు దొరికింది.

మంగోలియాపై కొట్టిన పదమూడింటిలో రెండు మన తెలుగమ్మాయివి. నిజామాబాద్ జిల్లా లంబాడా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య. ఇరాక్‌తో ఆటలో గాయపడి ఆఖరి మ్యాచ్‌కు దూరమయింది. 2024-25కు దేశంలో ఉత్తమ ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా అఖిల భారత సమాఖ్య ఎంచింది ఆమెనే. అదే నిజామాబాద్ నుంచి మన నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్ ప్రపంచ విజేతగా నిలిచింది. నిఖత్‌కు మొదటి గురువు కన్నతండ్రే.

ఇవన్నీ విని దాదీ ఒక్క ప్రశ్న వేసింది. “ఆడపిల్ల పరుగెత్తేది మన దీన్‌లో ఉందా?” హజ్రత్ ఆయిషా (ర) దైవప్రవక్త (స) తో పరుగు పందెం వేసిన సంగతి హదీసులలో ఉంది. మొదటిసారి ఆమె గెలిచారు. కొన్నాళ్లకు ఆయన గెలిచి, అది దీనికి బదులని అన్నారు. దాదీకి ఈ కథ తెలుసు. ఎప్పుడో బయాన్‌లో విన్నదట. ఫుట్‌బాల్‌కు దాన్ని జోడించుకోవాలని తోచలేదంతే.

అప్పుడు, అంతవరకు మాట్లాడని తల్లి నోరు విప్పింది. “బట్ట సంగతి సరే భాయ్. సాయంత్రం ఆరు దాకా ఆడిస్తారంట. ఆ వేళకి పిల్ల ఒక్కతే ఎట్లా వచ్చేది? ఆడ ఆడోళ్లెవరైనా ఉంటారా?”

మా దగ్గర దీనికి జవాబు లేదు. పది రోజులుగా ఆ ఇంట్లో అందరూ తలగుడ్డ గురించే వాదించుకున్నారు. అసలు చిక్కు ఇదని ఆమెకు మొదటి నుంచీ తెలుసు. తిరుపతిలో శ్రీనివాస క్రీడా సముదాయం, విశ్వవిద్యాలయం పక్కన తారకరామ స్టేడియం ఉన్నాయి. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో స్కూలు ముందున్న కంకర నేలే మైదానం. మన రాయలసీమలోనే అనంతపురంలో ఆర్.డి.టి. సంస్థ క్రీడాగ్రామంలో ఎన్నో ఏళ్లుగా పల్లెటూరి ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతూ వచ్చారు. అక్కడ పిల్లలు కలిసి వస్తారు, కలిసి పోతారు. సాయంత్రం చీకటి పడితే ఎలా అన్న ప్రశ్న అక్కడి తల్లులకూ వచ్చే ఉంటుంది. దానికేదో ఏర్పాటు దొరికాకే పిల్లలు బంతి తన్నగలిగారు.

తండ్రి కాసేపు ఆలోచించాడు. ఆ వీధిలోనే ఇంకో ఇద్దరు పిల్లలు జట్టులో ఉన్నారని పిల్ల చెప్పింది. ఒకరు రెడ్ల పిల్ల, ఒకరు ఆటో నడిపే ఆయన కూతురు. “ఆ ఆటో ఆయనతో మాట్లాడతా. ముగ్గురినీ తెచ్చి దింపుతాడేమో చూద్దాం. సార్‌ని రేపు నేనే కలుస్తా” అన్నాడు. కాగితం అప్పుడే సంతకం కాలేదు. పేపరు మడతలోంచి తీసి తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పిల్ల మాత్రం మా దగ్గరకొచ్చి, తలకు తొడుక్కునే ఆ సాగే గుడ్డ తిరుపతిలో ఏ అంగట్లో దొరుకుతుందో కనుక్కొమ్మని మెల్లగా అడిగింది. నల్లదే కావాలంట.