డిస్కు చెప్పే పుట్టుపూర్వోత్తరాలు

1969లో లాస్ ఏంజెలెస్ దుకాణాల్లోకి రెండు ఎల్పీల సెట్టు ఒకటి వచ్చింది. తెల్లటి అట్ట, దాని మీద గాయకుడి పేరు లేదు, కంపెనీ పేరు లేదు. లోపల ఉన్నవి బాబ్ డిలాన్ అప్పటికి విడుదల చెయ్యని పాటలు. 'గ్రేట్ వైట్ వండర్' అని పేరుపడ్డ ఈ సెట్టుతోనే రాక్ సంగీతంలో బూట్‌లెగ్‌ల కాలం మొదలైందంటారు. మార్కెట్లో ఉన్న ఆల్బమ్‌ను కాపీ కొట్టి అమ్మితే అది పైరసీ. ఏ కంపెనీ విడుదల చెయ్యని కచేరీనో, స్టూడియోలో పక్కనపెట్టిన పాటనో అనుమతి లేకుండా బయటికి తెస్తే అది బూట్‌లెగ్. సేకరించేవారికి మొదటిదానితో పని లేదు, రెండోది చరిత్ర.

1982లో సీడీ వచ్చినా బూట్‌లెగ్గర్లు దాన్ని అందుకోవడానికి కొన్నేళ్లు పట్టింది. సీడీ అచ్చు వెయ్యాలంటే ఫ్యాక్టరీ కావాలి మరి. గాజు పలకకు కాంతికి స్పందించే పూత పూసి, దాని మీద లేజర్‌తో గుంటల వరస రాస్తారు. దాన్నుంచి నికెల్ అచ్చు తీస్తారు. ఆ అచ్చులోకి కరిగిన పాలికార్బొనేట్‌ను ఒత్తిడితో పంపితే 1.2 మిల్లీమీటర్ల మందం బిళ్ల తయారవుతుంది. ఆపైన అల్యూమినియం పూత, దాని మీద రక్షణ పూత. ఇదేమీ ఇంట్లో జరిగే పని కాదు.

దారి చూపింది జర్మనీ చట్టంలోని ఓ సందు. జర్మన్ కళాకారుడు ఎక్కడ పాడినా జర్మనీ చట్టం రక్షించేది, విదేశీయుడు విదేశంలో పాడితే మాత్రం చాలావరకు రక్షణ ఉండేది కాదు. బ్రిటిష్ గాయకుడు ఫిల్ కాలిన్స్ 1983లో కాలిఫోర్నియాలో ఇచ్చిన కచేరీ సీడీగా జర్మనీలో అమ్ముడైంది ఇలాగే. ఆయన కోర్టుకెక్కారు. పౌరసత్వాన్ని బట్టి ఇలా తేడా చూపడం చెల్లదని 1993 అక్టోబర్ 20న యూరోపియన్ న్యాయస్థానం తేల్చింది.

ఆ మరుసటి ఏడాదే సీడీ ఎక్కడ తయారైందో చెప్పే కొత్త గుర్తు ఒకటి వచ్చింది. డిస్కును తిరగేసి దీపం కింద ఏటవాలుగా పట్టుకోండి. నడిమి రంధ్రం చుట్టూ ఉన్న వలయంలో సన్నటి అంకెలు కనిపిస్తాయి, అది మ్యాట్రిక్స్ నంబరు. కొత్త గుర్తు ఉండేది దాని దగ్గరే: 'ఐఎఫ్‌పీఐ' (రికార్డు కంపెనీల అంతర్జాతీయ సమాఖ్య) అన్న అక్షరాల తర్వాత 'ఎల్'తో మొదలయ్యే కోడ్ ఉంటే అది గాజు పలక మీద గుంటలు రాసిన యంత్రానిది. ఇంకా లోపల, పారదర్శకంగా ఉన్న చోట మరో కోడ్ ఉంటే అది బిళ్ల పోసిన అచ్చుది. 1994కు ముందటి డిస్కులో ఇవి లేకపోతే అనుమానించనక్కర్లేదు. తర్వాతి డిస్కులో లేకపోయినా, గీకేసినట్టున్నా ఆలోచించాల్సిందే. నా దృష్టిలో అట్ట మీది మాట కన్నా ఈ వలయానిదే నమ్మదగ్గ సాక్ష్యం.

సీడీ-ఆర్ వచ్చాక ఇల్లే ఫ్యాక్టరీ అయింది. ఇందులో గుంటలుండవు, రంగు పొరను లేజర్ కాలుస్తుంది. అందుకే అడుగున చాలాసార్లు ఆకుపచ్చో, నీలమో, లేత బంగారు ఛాయో కనబడుతుంది. అచ్చువేసినదైతే స్వచ్ఛమైన వెండి రంగు. సేకర్తలు దాన్ని 'సిల్వర్' అనే పిలుస్తారు.

కంటికి చిక్కనిది చెవికి చిక్కుతుంది. కచేరీలో చప్పట్లు ఒక పాటలోంచి ఇంకో పాటలోకి ఆగకుండా సాగాలి. మధ్యలో రెండు సెకన్ల నిశ్శబ్దం తెగ్గొడితే, ఎవరో ట్రాక్ తర్వాత ట్రాక్ కాల్చారన్నమాట. సీడీలో సెకనుకు 75 ఫ్రేములు, ఫ్రేముకు 588 శాంపిళ్లు. పాటను ఫ్రేము మధ్యలో కోస్తే మిగిలిన జాగాను సీడీ రైటర్ నిశ్శబ్దంతో నింపుతుంది, 'టిక్' అని చిన్న శబ్దం వినిపిస్తుంది. ఈ లోపాలు ఒక్కోసారి సిల్వర్‌లోనూ దొరుకుతాయి. అంటే అచ్చు ఫ్యాక్టరీదే, దానికి మూలం మాత్రం ఎవరో ఇంట్లో కాల్చిన కాపీ! ఇలాంటివి పట్టుకున్నప్పుడు కలిగే ఆనందం ఇంతా అంతా కాదు. శబ్దంలోని పౌనఃపున్యాలను బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రామ్ తీస్తే ఇంకా తెలుస్తుంది. 19 కిలోహెర్ట్జ్ దగ్గర నిలకడగా సన్నటి గీత ఉంటే ఎఫ్ఎం ప్రసారం నుంచి రికార్డు చేసిందని, 16 దగ్గర గోడ కట్టినట్టు శబ్దం ఆగిపోతే ఎంపీ3 నుంచి తీసిందని అనుమానించాలి.

సీడీ-ఆర్ రంగు పొర ఎండకు, వేడికి పాడవుతుంది. మీ దగ్గర పాత డిస్కులుంటే ఇప్పుడే కంప్యూటర్‌లోకి ఎక్కించండి, ఎంపీ3గా కాదు, నాణ్యత తగ్గించని ఫ్లాక్‌గా. లోపలి వలయాన్ని కూడా ఫొటో తీసి దానితోపాటే దాచండి.