లోయలోకి దిగితేనే లింగమయ్య

కొండెక్కితే కనిపించే దేవుళ్లు చాలామందే ఉన్నారు. లోయలోకి దిగితేనే దర్శనమిచ్చే దేవుణ్ని చూడాలంటే మాత్రం నల్లమలలోని సలేశ్వరం వెళ్లాల్సిందే. మానససరోవరం దాకా పోలేని పాలమూరువాసులకు ఇదే పెద్ద సాహసయాత్ర. 'తెలంగాణ అమర్‌నాథ్' అనే పేరూ ఉంది!

తిమ్మాజిపేట వైపునుంచి వెళ్లేవారు నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా మన్ననూరు చేరుకుని, శ్రీశైలం రోడ్డులో ఫరహాబాద్ దగ్గర అడవిలోకి తిరగాలి. బండ్లు ఆగిన చోటునుంచి నడకే. ఒక పక్క కొండ, మరో పక్క లోయ... మధ్యలో రాళ్లదారి. అడుక్కి దిగితే పైనుంచి దూకే జలపాతం, చల్లటి గుండం, గుహలో లింగమయ్య. పూజారులు చెంచులే.

చైత్ర పౌర్ణమికి అటూ ఇటూ కొద్దిరోజులే జాతర. ఎందుకంటే, ఇది 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ టైగర్ రిజర్వు. ఎండాకులు పరుచుకున్న ఆ వేళ ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క చాలు, అడవి అంటుకోవడానికి. ఇక్కడ యురేనియం తవ్వకాలంటే చెంచులు ఎదురుతిరిగారు. తవ్వకాలు వద్దంటూ 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానించింది. అలా పోరాడి నిలుపుకున్న అడవి ఇది. అందుకే, వెళ్లేవారు వెంట తీసుకెళ్లిన నీళ్లసీసాను ఖాళీ అయ్యాక తిరిగి తెచ్చుకోవాలి. అన్నట్టు... వచ్చేటప్పుడు దారంతా ఎక్కుడే. కాస్త ఓపిక దాచుకోండి!