వార్తల్లో పదం: ఆక్రమణ జాతి

సొంత నేల దాటి, మనుషుల రాకపోకల వల్ల కొత్త చోటికి చేరి, అక్కడి పంటలకూ జీవులకూ చేటు చేసే ప్రాణిని లేదా మొక్కను ‘ఆక్రమణ జాతి’ అంటారు.

కేసీ కెనాల్ కింద వరి వేసే కర్నూలు, కడప రైతులకు పందికొక్కు పాత శత్రువే. గట్లు తొలుస్తుంది, కంకులు కొరికి బొరియల్లో దాస్తుంది. అయినా ఇక్కడ అది స్థానిక జాతే. అదే చిన్న పందికొక్కు మలేసియాలోని పెనాంగ్, థాయిలాండ్‌లోని ఫుకెట్ దీవుల్లో మాత్రం బయటి నుంచి వచ్చి చేరిన జాతి.

భారత ఉపఖండానికి చెందిన నల్ల ఎలుకది ఇంకా పాత ప్రయాణం. వర్తకంతో పాటు రోమన్ల కాలానికే ఐరోపా చేరింది. తర్వాత ఓడలెక్కి దాదాపు ప్రపంచమంతా పాకింది.

ధాన్యం బస్తాలు, కంటైనర్లు, ఓడను రేవుకు కట్టే మోకులు వీటికి దారులు. చూలు ఎలుక ఒక్కటి దిగినా చాలు, మూడు వారాల్లో ఈనుతుంది. దీవుల్లో నేలమీద గూళ్లు పెట్టే పక్షుల గుడ్లనూ పిల్లలనూ తినేస్తుంది.

అందుకే మోకులకు ఎలుకలు దాటలేని రేకు బిళ్లలు బిగిస్తారు. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారం ఓడలకు పారిశుద్ధ్య ధ్రువపత్రం ఉండాలి. దాని గడువు 6 నెలలు. దక్షిణ జార్జియా దీవి ఏళ్ల తరబడి శ్రమించి, 2018లో ఎలుకల నుంచి విముక్తి ప్రకటించుకుంది.

వచ్చాక తరమడం కన్నా రాకుండా ఆపడమే తేలిక, చవక. గోదాముల్లో, సరుకు వాహనాల్లో తనిఖీని తేలిగ్గా తీసుకోవద్దు.