పూరీ దారుమూర్తులు

దేవాలయములందు మూలవిరాట్టు శిలామయమగుట సామాన్యము. పూరీక్షేత్రమున మాత్రము జగన్నాథ, బలభద్ర, సుభద్రా, సుదర్శన మూర్తులు వేపదారువున మలచబడినవి. గంజాము సీమలో తరతరములుగా నున్న మనవారికి ఈ దర్శనము క్రొత్త గాదు.

కాని దారువు నశ్వరము గదా! అందుచే అధికాషాఢము వచ్చిన యేట నవకళేబరము జరుగును. 1969 తరువాత 8 ఏండ్లకే, 1977లో వచ్చినది. పిదప 1996, 2015 సంవత్సరములలో, 19 ఏండ్ల యెడముతో జరిగినది.

శబరుడైన విశ్వావసుని సంతతివారమని చెప్పుకొను దైతాపతులు శంఖచక్రాది చిహ్నములు గల వేపవృక్షములను వెదకుదురు. విశ్వకర్మలు కోయిలి వైకుంఠమున రహస్యముగా చెక్కుదురు. చెక్కడముతో పని ముగియదు. దారువుపై పట్టుదారములు చుట్టి, సర్జరసము, చందనము పొరలుపొరలుగా నలది, పిమ్మట వర్ణములు వేయుదురు. నిండైన కరచరణములు లేకుండుటను శిల్పి యసమర్థతగా నెంచువారు పొరబడుచున్నారు. ఆ రూపమును మార్పులేక నిలుపుటయే యతని నేర్పు.

ప్రాతమూర్తులలోని బ్రహ్మపదార్థమును దైతాపతులు కన్నులకు గంతలు గట్టుకొని క్రొత్తవానిలో నుంతురు. ప్రాతవానిని కోయిలి వైకుంఠముననే పూడ్చి, ఆత్మబంధువు మరణించినట్లు ఆశౌచము పట్టుదురు.