ఇంట్లో చేసిన సర్వో డ్రైవ్: తిప్పడం సులువు, ఆపడమే అసలు పని

పోయిన ఎపిసోడ్ తర్వాత చాలామంది ఒకటే అడిగారు, "సీఎన్‌సీ మెషీన్‌కి సర్వో డ్రైవ్ మనమే చేసుకోవచ్చా?" అని. చేసుకోవచ్చు. నేను చేశాను. కానీ అది ఎలా తిరుగుతుందో చెప్పే ముందు, ఒకరోజు అది ఎలా ఆగలేదో చెప్పాలి. ఈ ఎపిసోడ్ అంతా దాని కోసమే.

మా రూమ్ అమీర్‌పేటలో. ఇక్కడ మెట్రో రెడ్ లైన్ ఎక్కి ఒకవైపు వెళ్తే కోఠి, దిగి గుజరాతీ గల్లీలోకి నడిస్తే మాస్‌ఫెట్లు, ఐసీలు, కనెక్టర్లు అన్నీ దొరుకుతాయి. అదే లైన్‌లో ఇంకోవైపు వెళ్తే బాలానగర్, మా బాబాయ్ షెడ్డు అక్కడే. రెండు లేత్‌లు, సీఎన్‌సీ తగిలించిన ఒక చిన్న మిల్లింగ్ మెషీన్, ముగ్గురు పనివాళ్లు. ఆ మిల్లింగ్ మెషీన్‌లో ఒక డ్రైవ్ కాలిపోయింది. ఆ మోడల్ ఇప్పుడు రావట్లేదు. మూడు యాక్సిస్‌లకీ కొత్త సెట్ వేయాలంటే బాబాయ్‌కి నెల పని పోయినట్టే. "ఏరా, నువ్వు కంప్యూటర్ చదివావు కదా, ఇదేదో చూడు" అన్నాడు. అలా మొదలైంది.

స్టెప్పర్ ఉండగా సర్వో ఎందుకు?

స్టెప్పర్ మోటార్‌కి ఒక పల్స్ ఇస్తే ఒక అడుగు వేస్తుంది. మామూలు స్టెప్పర్‌లో 200 అడుగులకి ఒక చుట్టు. చీప్, సింపుల్. కానీ అది అడుగు వేసిందో లేదో ఎవరూ చూడరు. కటింగ్‌లో లోడ్ ఎక్కువై నాలుగు అడుగులు తప్పితే, మెషీన్‌కి తెలియదు. మిగతా జాబ్ అంతా పక్కకి జరిగి కట్ అవుతుంది.

సర్వో అంటే ప్రత్యేకమైన మోటార్ అని చాలామంది అనుకుంటారు. కాదండి. సర్వో అంటే ఒక పద్ధతి. మోటార్ వెనకాల ఎన్‌కోడర్ ఉంటుంది, షాఫ్ట్ ఇప్పుడు ఎక్కడుందో అది చెబుతూ ఉంటుంది. డ్రైవ్ పని ఏంటంటే, "ఎక్కడ ఉండాలి" అన్నదాన్ని "ఎక్కడ ఉంది" అన్నదానితో పోల్చి, ఆ తేడాని సున్నా చేయడం. అంతే. 1952లో అమెరికాలో ఎంఐటీ వాళ్లు మొదటి న్యూమరికల్ కంట్రోల్ మిల్లింగ్ మెషీన్‌ని చూపించారు. అది తయారైన ల్యాబ్ పేరే సర్వోమెకానిజమ్స్ ల్యాబొరేటరీ. అంటే ఈ మెషీన్లు పుట్టిందే సర్వో ల్యాబ్‌లో అన్నమాట.

ముందు కాగితం మీద లెక్క

సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే ముందు ఈ లెక్క వేసుకోండి. మా ఎన్‌కోడర్‌లో చుట్టుకి 500 గీతలు. దాంట్లో ఎ, బి అని రెండు సిగ్నల్స్ ఉంటాయి, ఒకదాని వెనక ఒకటి కొంచెం ఆలస్యంగా వస్తాయి. ఏది ముందు వచ్చిందో చూస్తే దిశ తెలుస్తుంది. రెండింటి ఎక్కుడు, దిగుడు అన్నీ లెక్కపెడితే 500 కాస్తా 2000 కౌంట్లు అవుతాయి.

మోటార్ నేరుగా బాల్ స్క్రూకి కలిపి ఉంది. ఒక చుట్టుకి టేబుల్ 5 మిల్లీమీటర్లు జరుగుతుంది. 5ని 2000తో భాగిస్తే 0.0025 మిల్లీమీటర్, అంటే ఒక కౌంట్‌కి రెండున్నర మైక్రాన్లు. బాబాయ్ పనికి ఇది చాలు.

ఇప్పుడు వేగం. నిమిషానికి 3000 మిల్లీమీటర్లు అంటే సెకనుకి 50. అంటే సెకనుకి 20 వేల కౌంట్లు. ఆర్డుయినో ఊనోలో జీఆర్‌బీఎల్ సెకనుకి దాదాపు 30 వేల పల్సుల దాకా ఇవ్వగలదు, కాబట్టి పల్సులు పంపడానికి ఇబ్బంది లేదు. కానీ డ్రైవ్ లోపల 20 వేల ఎన్‌కోడర్ కౌంట్లని కూడా ఇంకో ఊనోతో లెక్కపెట్టిస్తే ఊపిరాడదు. అందుకే ఎస్‌టీఎం32ఎఫ్103 వాడాను. దాని టైమర్‌లోనే ఎన్‌కోడర్ మోడ్ ఉంది. ప్రోగ్రామ్‌ని డిస్టర్బ్ చేయకుండా హార్డ్‌వేరే లెక్కపెడుతుంది.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఒక గుంట ఉంది, నేనూ పడ్డాను. ఆ టైమర్ 16 బిట్లు. 65,535 దాటితే మళ్లీ సున్నా. 65,536ని రెండున్నర మైక్రాన్లతో గుణించండి, 163.84 మిల్లీమీటర్లు. అంటే టేబుల్ అంతదూరం జరగగానే డ్రైవ్‌కి "నేను మళ్లీ మొదట్లో ఉన్నాను" అనిపిస్తుంది. చిన్న చిన్న టెస్టుల్లో ఈ బగ్ అసలు కనపడదు, పొడుగు జాబ్ పెట్టినప్పుడే బయటపడుతుంది. పరిష్కారం సులువే: ప్రతి మిల్లీసెకనుకి పాత రీడింగ్‌కి, కొత్త రీడింగ్‌కి తేడా తీసి, ఆ తేడాని సైన్ ఉన్న 16 బిట్ల సంఖ్యగా చదివి, 32 బిట్ల వేరియబుల్‌లో కలుపుతూ పోవాలి.

పీఐడీ అంటే పంజాగుట్టలో బండి నడపడమే

డ్రైవ్ సెకనుకి వెయ్యిసార్లు తేడా చూసి, మోటార్‌కి ఎంత పవర్ ఇవ్వాలో లెక్కేస్తుంది. ఆ లెక్కే పీఐడీ. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర తెల్లగీత మీద సరిగ్గా ముందు చక్రం ఆపాలి అనుకోండి. గీత దూరంగా ఉంటే ఎక్కువ యాక్సిలరేటర్, దగ్గరయ్యేకొద్దీ తక్కువ. ఇది పి. స్పీడ్‌గా వస్తున్నాం, గీత దాటేస్తాం అనిపించి ముందే తగ్గించడం డి. ఇక ఫ్లైఓవర్ ఎక్కుడు మీద గీతకి అడుగు ముందే ఆగిపోయారు. చిన్న యాక్సిలరేటర్‌కి బండి కదలట్లేదు. అప్పుడు కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతాం కదా, అది ఐ.

ట్యూన్ చేసేటప్పుడు ముందు పి ఒక్కటే పెంచండి. మోటార్ గజగజ వణకడం మొదలవుతుంది. అప్పుడు డి కలిపితే వణుకు తగ్గుతుంది. చివర్లో ఐ, అదీ చిటికెడు. ఈ ఐని గుర్తుపెట్టుకోండి, మన కథలో దొంగ ఇదే.

పవర్ వైపు

బ్రష్ ఉన్న డీసీ మోటార్‌ని రెండు వైపులా తిప్పడానికి నాలుగు మాస్‌ఫెట్ల హెచ్ బ్రిడ్జ్ కావాలి. ఒకే వైపున్న పైదీ, కిందదీ ఒకేసారి ఆన్ అయితే సప్లై నేరుగా షార్ట్. టప్‌మని శబ్దం, వాసన. అందుకే ఒకటి ఆఫ్ అయ్యాక కాస్త ఆగి రెండోది ఆన్ చేయాలి, దాన్నే డెడ్ టైమ్ అంటారు. ఐఆర్2104 అనే డ్రైవర్ ఐసీలో అది లోపలే ఉంటుంది, సుమారు 520 నానోసెకన్లు. ఐఆర్2110లో ఉండదు, మీరే చూసుకోవాలి. ఇంకోటి, ఈ ఐసీలు పై మాస్‌ఫెట్‌ని ఆన్ చేయడానికి ఒక చిన్న కెపాసిటర్ మీద ఆధారపడతాయి. అది మళ్లీ నిండడానికి టైమ్ కావాలి. కాబట్టి పవర్ వంద శాతం ఇవ్వకండి, 95 దగ్గర ఆపేయండి.

నేను మొదట ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ కొన్నాను. దాని లిమిట్ 55 వోల్టులు, మా సప్లై 48. ఏడు వోల్టులు ఎక్కువే ఉంది కదా అనుకున్నాను. స్పీడ్‌గా వెళ్తున్న టేబుల్‌ని ఒక్కసారి ఆపితే మోటార్ డైనమోలా మారి కరెంట్‌ని వెనక్కి సప్లైలోకి తోస్తుంది. ఆ క్షణంలో వోల్టేజ్ 55 దాటింది, మాస్‌ఫెట్లు పోయాయి. మళ్లీ కోఠి. ఈసారి 100 వోల్టుల ఐఆర్ఎఫ్540ఎన్, దాంతోపాటు పెద్ద కెపాసిటర్, ఆ ఎక్కువైన వోల్టేజ్‌ని వేడిగా ఖర్చుచేసే బ్రేక్ రెసిస్టర్ పెట్టాను.

కంట్రోలర్‌తో కలపడం

కంట్రోలర్ నుంచి డ్రైవ్‌కి మూడు వైర్లు: స్టెప్, డైరెక్షన్, ఎనేబుల్. డ్రైవ్ నుంచి వెనక్కి ఒకటి: ఫాల్ట్. మోటార్ పవర్ నాయిస్ కంట్రోలర్‌లోకి రాకుండా మధ్యలో ఆప్టో కప్లర్ ఉండాలి. మనందరి దగ్గరా ఉండే పీసీ817, సెకనుకి 20 వేల పల్సులకి నెమ్మది, నమ్మలేం. స్టెప్ లైన్‌కి 6ఎన్137 వాడండి.

ఎనేబుల్ ఇచ్చిన క్షణంలో "ఎక్కడ ఉండాలి" అన్నదాన్ని "ఎక్కడ ఉంది" అన్నదానితో సమానం చేయడం మర్చిపోకండి. లేకపోతే ఆన్ చేయగానే టేబుల్ ఎగిరి దూకుతుంది.

ఎన్‌కోడర్ వైరుని మోటార్ వైరు పక్కనే కట్టొద్దు. షీల్డ్ ఉన్న మెలికల వైరు వాడి, షీల్డ్‌ని డ్రైవ్ వైపు ఒక్కచోటే గ్రౌండ్ చేయండి.

ఆ రోజు ఏం జరిగింది

అన్నీ చేశాను. సేఫ్టీ కోసం ఒక రూల్ కూడా రాశాను: ఉండాల్సిన చోటికి, ఉన్నచోటికి తేడా 200 కౌంట్లు, అంటే అర మిల్లీమీటర్ దాటితే పవర్ కట్. రెండు వారాలు బాలానగర్‌లో మెషీన్ బ్రహ్మాండంగా నడిచింది.

ఒకరోజు జాబ్ అయిపోయింది, టేబుల్ కదలకుండా నిలబడి ఉంది. షెడ్డులో పనిచేసే అబ్బాయి వైస్‌లో కొత్త ముక్క బిగిస్తున్నాడు. ఉన్నట్టుండి ఎక్స్ యాక్సిస్ మెల్లిగా కదిలింది, వెంటనే ఫుల్ స్పీడ్. టేబుల్ వెళ్లి చివర గుద్దుకుని అక్కడే తోస్తూ ఉండిపోయింది. ఆ అబ్బాయి చెయ్యి లాగేసుకున్నాడు. వేలి దగ్గర చర్మం గీసుకుపోయింది, అంతే. అర సెకను ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. బాబాయ్ మెయిన్ స్విచ్ ఆపేశాడు. నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధేసింది.

కారణం చిన్నది. ఎన్‌కోడర్ కనెక్టర్‌లో ఒక పిన్ వదులై ఎ సిగ్నల్ పోయింది. మరి నా 200 కౌంట్ల రూల్ ఎందుకు పనిచేయలేదు? అక్కడే ఉంది అసలు విషయం. ఆ క్షణంలో తేడా రెండంటే రెండు కౌంట్లు, ఐదు మైక్రాన్లు. డ్రైవ్ దాన్ని సున్నా చేద్దామని చూసింది. కానీ ఒక్క బి సిగ్నలే వస్తే లెక్క ఒకటి పెరిగి ఒకటి తగ్గుతూ అక్కడక్కడే ఊగుతుంది. మోటార్ తిరుగుతున్నా "ఇంకా కదల్లేదు, రెండు కౌంట్లే ఉంది" అనే రీడింగ్. ఇక ఐ, ప్రతి మిల్లీసెకనుకీ ఇంకొంచెం, ఇంకొంచెం అని కలుపుతూ పోయింది. తేడా ఎప్పుడూ రెండు దగ్గరే ఉంది, 200 దాటనే లేదు. డ్రైవ్ దృష్టిలో అంతా బాగానే ఉంది. గుడ్డివాడైపోయిన డ్రైవర్‌కి తాను గుడ్డివాడైన సంగతి తెలియదు.

ఆగడం నేర్పించాలి

ఆ రోజు తర్వాత నాలుగు మార్పులు చేశాను. మీరు చేసే డ్రైవ్‌లో ఇవి మొదటి రోజు నుంచే ఉండాలి.

ఒకటి, పవర్‌కి, కదలికకి పొంతన చూడటం. మోటార్‌కి 30 శాతం కంటే ఎక్కువ పవర్ 50 మిల్లీసెకన్లుగా ఇస్తున్నా, మొత్తమ్మీద నాలుగు కౌంట్లు కూడా జరగకపోతే ఫాల్ట్. "అసలు మారలేదా" అని చూడొద్దు, ఒక్క సిగ్నల్ పోయినప్పుడు అది ఊగుతూ మారుతూనే ఉంటుంది. జెడ్ యాక్సిస్‌లో మాత్రం బరువుని మోయడానికి కదలకుండానే కొంత పవర్ కావాలి. అది ఎంతో కొలిచి, లిమిట్ అంతకంటే పైన పెట్టండి.

రెండు, ఐకి గరిష్ఠ హద్దు. అది ఒంటరిగా మోటార్‌ని ఫుల్ స్పీడ్‌కి తీసుకెళ్లలేనంత తక్కువగా ఉండాలి.

మూడు, డిఫరెన్షియల్ ఎన్‌కోడర్. దీంట్లో ప్రతి సిగ్నల్‌తోపాటు దాని తిరగేసిన కాపీ కూడా వస్తుంది. రెండూ ఎప్పుడూ ఎదురుబొదురుగా ఉండాలి. రెండూ ఒకేలా కనిపించాయంటే వైరు తెగినట్టే, టేబుల్ కదలకముందే తెలిసిపోతుంది.

నాలుగు, ఫాల్ట్ వైరు, ఎమర్జెన్సీ స్టాప్. మామూలుగా ఉన్నప్పుడు ఫాల్ట్ లైన్ కలిసి ఉండాలి, తప్పు జరిగితే విడిపోవాలి. అప్పుడు వైరు తెగినా ఫాల్టే అవుతుంది. మూడు డ్రైవ్‌ల ఫాల్ట్‌లనీ వరసగా కలిపి రిలే గొలుసులో పెట్టాను. ఒకటి ఆగితే మూడూ ఆగుతాయి, జీఆర్‌బీఎల్ రీసెట్ పిన్‌కి కూడా కబురు వెళ్తుంది. మళ్లీ హోమింగ్ చేయాల్సి వస్తుంది, ఫర్వాలేదు. ఎర్ర బటన్ మాత్రం ఏ ప్రోగ్రామ్‌నీ అడగకూడదు. నొక్కగానే కాంటాక్టర్ పడిపోయి 48 వోల్టులు నేరుగా కట్ అవ్వాలి.

ఇక టెస్ట్. ఎన్‌కోడర్ ఎ లైన్‌లో ఒక చిన్న స్విచ్ పెట్టండి. ముందు మోటార్‌ని స్క్రూ నుంచి విడదీసి, ఆ స్విచ్ ఆపి చూడండి. తర్వాత బి లైన్‌కి అదే. తర్వాత స్క్రూకి కలిపి, టేబుల్ మధ్యలో ఉంచి, దగ్గర్లో ఎవరూ లేకుండా. నిలబడి ఉన్నప్పుడు ఒకసారి, కదులుతున్నప్పుడు ఒకసారి. ప్రతిసారీ ఆగాలి. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆగింది అంటే ఫెయిల్ అయినట్టే.

మార్పులు చేసి మళ్లీ బాలానగర్ తీసుకెళ్లినప్పుడు నేను ముందు స్పీడ్, ఫినిషింగ్ చూపించబోయాను. బాబాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇది తిరుగుద్దని నాకు తెలుసురా. ముందు ఆ వైరు పీకి చూపించు." పీకాను. టేబుల్ వెంట్రుకవాసి కదిలి ఆగిపోయింది. ఇంకోసారి పీకమన్నాడు. ఇంకోసారి. తర్వాత వైస్ దగ్గర పనిచేసే ఆ అబ్బాయిని పిలిచి, స్విచ్ అతని చేతికిచ్చి, "నువ్వు చూడు" అన్నాడు. అతను కూడా చూసి సరే అన్నాకే మెషీన్ మీద ముక్క పెట్టారు.

ఇప్పటికీ ప్రతి సోమవారం పొద్దున జాబ్ మొదలుపెట్టే ముందు ఆ అబ్బాయే ఆ స్విచ్ ఆపి చూస్తాడు. అలాగే, టేబుల్ మీద చెయ్యి పెట్టాలంటే ముందు ఎర్ర బటన్ నొక్కాలి, అది ఆ షెడ్డులో ఇప్పుడు రూల్. కోడ్ ఎంత బాగా రాసినా ఆ రూల్ తీసేయకండి.

వచ్చే ఎపిసోడ్‌లో బోర్డు లేఅవుట్ చూద్దాం, గ్రౌండ్ ఎక్కడ కలపాలి, ఎక్కడ కలపకూడదు అని. అప్పటిదాకా మీరు ఏదైనా డ్రైవ్ కడుతుంటే, ఈ వారం ట్యూనింగ్ పక్కన పెట్టి ఆ వైరు టెస్ట్ ఒక్కటి చేయండి. ఉంటాను, నమస్తే.